చుక్క తర్వాత ఒక్క అంకె

పోయిన వారం మా తమ్ముడు క్లైవ్ షెడ్డు గుమ్మంలో నన్ను నేనే వానలో నిలబెట్టి కథ ఆపేశాను. మీరు మర్చిపోయినా నేను మర్చిపోలేదు, తడిసింది నేను కదా. కొత్తగా చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి లోపలికి వెళ్తాను.

క్లైవ్ ట్రెవాన్ బే అనే సముద్రపు ఒంపులో తాళ్ళకు ఆల్చిప్పలు పెంచుతాడు. చలి మొదలయ్యే రోజుల్లో ఆ నీళ్ళలో ఒక రకం పాచి పెరుగుతుంది. అది కంటికి కనపడదు గానీ చిప్పల్లోకి విషం ఎక్కిస్తుంది. ఆ విషాన్ని కొలిచే హోబర్ట్ ల్యాబ్‌లో డేటాబేస్ చూసుకునేది నేను, మెరిన్ టాట్నెల్. కిలో మాంసంలో 0.8 మిల్లీగ్రాములు దాటిందా, బే మూసెయ్యాలి. క్లైవ్ పంపిన నమూనాలో 0.6 ఉందని మా ల్యాబ్ చెప్పింది. వాడు తాళ్ళ మీది చిప్పలు అమ్మకానికి కోశాడు. ఫుట్‌బాల్ క్లబ్బులో రోలీ పిబస్ అనే మహానుభావుడు పందెం కట్టి ఒక బకెట్‌లో సగం ఒక్కడే తిన్నాడు. ఇప్పుడు ఆసుపత్రిలో యంత్రం సాయంతో ఊపిరి తీస్తున్నాడు. బకెట్‌లో మిగిలిన చిప్పల్ని సిడ్నీలో ఇంకో ల్యాబ్ పరీక్షించి 1.04 అంది.

ఒకే బే, ఒకే పొద్దున తీసిన చిప్పలు, రెండు వేరు వేరు అంకెలు. మిగతా బేలన్నిటికీ మా అంకె, సిడ్నీ అంకె దాదాపుగా కలుస్తున్నాయి. క్లైవ్‌కి మాత్రమే కలవలేదు. కాబట్టి వాడు పరీక్షకు మంచి చిప్పలు పంపి, అమ్మకానికి విషపు చిప్పలు కోశాడని ఊరంతా తేల్చేసింది. సోమవారం విచారణ. దోషి అని తేలితే బేలో వాడి హక్కు పోతుంది. రోలీకి ఏమైనా అయితే జైలు కూడా. తేల్చేసిన ఊరంతటిలో నేనూ ఉన్నానని చెప్పడానికే ఈ వారం కూర్చున్నాను.

"రా లోపలికి అక్కా. గుమ్మంలో నిలబడి ఏం కాపలా కాస్తున్నావ్?" అన్నాడు క్లైవ్. ఉన్ని టోపీ చెవుల దాకా లాక్కుని, రబ్బరు ఏప్రన్ కట్టుకుని, అమ్ముకోవడానికి వీల్లేని చిప్పల్నే కూర్చుని ఏరుతున్నాడు. చిన్నవాటిని మళ్ళీ తాడుకెక్కించి నీళ్ళలో వదలాలట. రేపు ఈ బే వాడిదో కాదో తెలియదు. చేతులు మాత్రం ఊరుకోవు.

"నీ ఎర్ర బెండు ఎందుకు జరిగింది?" అన్నాను.

పెంపకందారులందరికీ నమూనా కోసం ఒక తాడు విడిగా ఉంటుంది. దానికి ఎర్ర బెండు కడతారు. ఎప్పుడూ దాని అడుగు నుంచే చిప్పలు తీసి, మంచు పెట్టెలో పెట్టి పొద్దున బస్సులో ల్యాబ్‌కి పంపిస్తారు. క్లైవ్ ఎర్ర బెండు ఇప్పుడు ఏటి మొగ దగ్గర తేలుతోంది. ఏటి నీళ్ళు కలిసే చోట పాచి తక్కువ. అది నేను పోయిన వారమే చూశాను. నా అనుమానం అక్కడే మొదలైంది.

"ఓహో. పలకరింపు లేదు, టీ లేదు, ఏకంగా పోలీసు ప్రశ్నే."

"ఒరేయ్, సూటిగా అడుగుతున్నా. సూటిగా చెప్పు."

"సీల్ జంతువొకటి నీళ్ళలోంచి వచ్చి దాని మీద పడుకుంది. ఎద్దంత ఉంది. లంగరు జారింది."

"ఎప్పుడు?"

"నమూనా పంపాక."

"ఎవరు చూశారు?"

"సీల్ చూసింది. వెళ్ళి వాంగ్మూలం తీసుకో."

నాకు నవ్వు రాలేదు. వాడికీ రాలేదు. క్లైవ్ అబద్ధం చెప్పేటప్పుడు ఎక్కువ జోకులేస్తాడు. చిన్నప్పుడు వాడు మా నాన్న పడవను తీసుకెళ్ళి రాళ్ళకు కొట్టిన రోజు ఇల్లంతా నవ్వించాడు. నిజం చెప్పేటప్పుడు కూడా జోకులేస్తాడన్నది నాకు అప్పుడు గుర్తు రాలేదు. అనుమానం పట్టిన మనిషికి కావలసినవే గుర్తొస్తాయి.

"సరే," అని బల్ల మీది చిప్పలు పక్కకు నెట్టి నా ల్యాప్‌టాప్ తెరిచాను. "విషం అంటే ఒకటి కాదురా. డజను రకాలుంటాయి. యంత్రం ఒక్కోదాన్నీ విడిగా కొలుస్తుంది. ఏది ఎంత ఉందో ఆ పాళ్ళు చూస్తే చిప్ప నీ లోతు తాడుదో, ఏటి మొగదో చెప్పెయ్యొచ్చు. ఇప్పుడే ఒప్పుకుంటే నేనే లాయరుని మాట్లాడతా. నేను చూశాక ఒప్పుకుంటే..."

"చూశాక ఏంటి? నువ్వే సంకెళ్ళు వేస్తావా?" క్లైవ్ ఏప్రన్‌కు చేతులు తుడుచుకుని జేబులోంచి ఫోన్ తీశాడు. "చదువు. పైకి చదువు. నేనూ రాసుకుంటా. రేపు నీ ల్యాబ్ వాళ్ళు ఇంకో మాట మారుస్తారేమో, ఎవడికి తెలుసు."

నన్ను నమ్మట్లేదని నా మొహం మీదే చెప్తున్నాడు. నేను వాణ్ణి నమ్మట్లేదని అప్పటికే చెప్పేశాను కాబట్టి అడిగే హక్కు నాకు లేదు. చదివాను. మొదటిది 0.31. రెండోది 0.28. ఆ తర్వాతవన్నీ చిల్లర: 0.047, 0.049, 0.043, 0.048, అలా కిందిదాకా. వాడు ఫోన్‌లో కూడుతున్నాడు.

చదువుతుంటేనే నా గొంతు నెమ్మదించింది. ఆ పాళ్ళు ఏటి మొగవి కావు. లోతు తాడువి. ఏ ఏడు తీసినా ట్రెవాన్ బే అడుగు చిప్పలు అలాగే ఉంటాయి. తమ్ముడు తీయాల్సిన చోటే తీశాడు.

ఆ సంగతి ఎలా చెప్పాలా అని నేను తంటాలు పడుతుంటే, క్లైవ్ ఫోన్ నా ముక్కు కింద పెట్టాడు.

"ఇదేంటి?"

1.044.

"తప్పు నొక్కావు," అన్నాను.

"అయితే నువ్వే నొక్కు. చదువుకున్న వేళ్ళు కదా."

నొక్కాను. 1.044. చివరి నుంచి మొదటికి నొక్కాను. 1.044. తెర మీద, ఆ అంకెల కిందే, మా డేటాబేస్ కూడి పెట్టిన మొత్తం దర్జాగా 0.6 అని నిలబడి ఉంది.

"అక్కా, మీ కంప్యూటర్‌కి కూడిక రాదా?"

కూడిక దానికి వచ్చు. మొత్తాన్ని లెక్కించే సూత్రం డేటాబేస్ లోపల రాసి ఉంటుంది. రెండేళ్ళ కింద పాత డేటాబేస్‌ నుంచి కొత్తదానికి మారినప్పుడు రాసిన సూత్రం అది. నేను ఈ ఉద్యోగంలో చేరేనాటికే ఉంది. అందరూ నమ్మేదాన్ని విప్పి చూడాలని ఎవరికి తోస్తుంది? ఇప్పుడు విప్పాను. చదివాను. ఇంకోసారి చదివాను.

"మొహం అలా పెట్టావేంటి? చెప్పు," అన్నాడు క్లైవ్.

"డేటాబేస్‌లో చుక్క తర్వాత ఎన్ని అంకెలు ఉంచాలన్నది మనిషి చెప్పాలి. అది తనంతట అనుకోదు. కొలతలు దాచిన చోట అన్ని అంకెలూ ఉన్నాయి, ఏం పోలేదు. కానీ కూడేముందు ఒక్కో రకాన్నీ ఒక్క అంకెకు సవరించు, తర్వాత కూడు అని రాసి ఉంది ఇక్కడ."

"సవరించడమంటే?"

"0.31 ఉంటే 0.3 అవుతుంది. 0.28 కూడా 0.3 అవుతుంది. ఆ రెండూ కలిసి 0.6. మిగతావి అన్నీ 0.05కి తక్కువ. ఒక్కోటీ సున్నా."

వాడు అర్థం కానట్టు చూశాడు. నేను బల్ల చివరున్న ముల్లు త్రాసు వైపు చూపించాను. బస్తాలు తూచే పెద్ద త్రాసు అది. "దాని మీద ఒక్క చిప్ప పెట్టు. ముల్లు కదులుతుందా?"

"ఎందుకు కదులుతుంది?"

"కదల్లేదని సున్నా రాసుకో. తీసేసి ఇంకోటి పెట్టు. మళ్ళీ సున్నా. అలా బస్తా మొత్తం తూచి అన్ని సున్నాలూ కలుపు. నీ బస్తా బరువెంత?"

క్లైవ్ ఒక చిప్ప తీసి త్రాసు మీద వేశాడు. "అన్నీ వేసి ఒక్కసారి తూచాలి," అన్నాడు.

"అంతే. ముందు కూడాలి, ఆఖర్న సవరించాలి. వీళ్ళు తిరగేశారు."

"మరి మిగతా బేలవాళ్ళకి ఎందుకు రాలేదు ఈ తంటా? అందరికీ కలిసింది, నాకొక్కడికే కలవలేదని కదా నన్ను దొంగని చేశారు?"

అది నాకు అప్పుడే, వాడు అడుగుతుండగా తట్టింది. మిగతా బేలన్నీ ఉన్న తూర్పు తీరంలో పెరిగే పాచి వేరు. అది రెండు మూడు రకాల విషాన్ని పెద్ద పెద్ద మొత్తాల్లో ఎక్కిస్తుంది. ఒక్క అంకెకు సవరించినా అక్కడ పోయేది దాదాపు ఏమీ ఉండదు. ట్రెవాన్ బే పాచి మాత్రం పన్నెండు రకాల్నీ కొంచెం కొంచెం ఎక్కిస్తుంది. ఆ చిల్లరంతా కలిస్తే దాదాపు సగం విషం. ఈ తప్పుకు దొరికేది రాష్ట్రంలో ఒక్క మా తమ్ముడి బే. తప్పు ఎక్కడ పడుతుందో అక్కడున్నవాడే దొంగలా కనిపించాడు.

అదే చెప్పాను. వాడు తలకిందులుగా పెట్టిన ప్లాస్టిక్ పెట్టె మీద కూలబడ్డాడు. సంతోషిస్తాడనుకున్నాను. టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

"ఫోన్‌లో మీ ల్యాబ్ బోర్డు పచ్చగా ఉందని చూసుకునే కోశానక్కా. ఆ బకెట్ రోలీకి నా చేత్తో ఇచ్చాను. నిమ్మకాయలు కూడా నేనే కోసిచ్చాను. వాళ్ళావిడ నన్ను వార్డులోకి రానివ్వట్లేదు."

"నీ తప్పు కాదురా."

"నువ్వూ అనుకున్నావుగా."

అనుకున్నాను. "క్షమించరా" అన్నాను. వాడు టోపీ వెనక నుంచి "ఊఁ" అన్నాడు. ఆ ఊఁకారంలో పూర్తి మన్నింపు లేదు, నాకు తెలుసు. అయినా ఎన్నో రోజుల తర్వాత గుండె మీద రాయి దిగినట్టయింది. ఈ సంగతి విచారణలో చెప్తే చాలు, క్లైవ్ బే క్లైవ్‌కి దక్కుతుంది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ నేను పద్ధతి గల ఉద్యోగినిని కదా, ల్యాబ్ డైరెక్టరు ఐలీన్ ప్రొక్టర్‌కు ఫోన్ చేశాను. డేటాబేస్‌లో సూత్రాల్ని మార్చే అధికారం మా ఇద్దరికే ఉంది. క్లైవ్ వింటాడని స్పీకర్ పెట్టాను.

సంగతంతా చెప్పాను. అవతల రేడియోలో ఫుట్‌బాల్ మ్యాచ్ వినిపిస్తోంది. ఎవరైనా ఇలాంటి మాట వింటే "ఏంటీ?" అంటారు, "నిజమా?" అంటారు, కనీసం ఒక తిట్టు తిడతారు. ఐలీన్ అవేమీ అనలేదు.

"ఒక్క అంకె చాలని అప్పట్లో అనుకున్నాం, మెరిన్. చట్టంలో ఉన్నది 0.8. చుక్క తర్వాత ఒక్క అంకే. దానికి మూడు అంకెల లెక్కెందుకు, చూసేవాళ్ళు గాభరాపడటం తప్ప అన్నాను నేను." గొంతు చల్లగా, వంటింట్లో గిన్నెలు సర్దుకుంటున్నంత తాపీగా ఉంది. "నువ్వు ఎక్కడున్నావ్?"

క్లైవ్ తల అడ్డంగా ఊపాడు.

"ఇంట్లో," అన్నాను.

"ఎవరికైనా చెప్పావా?"

"లేదండీ. ముందు మీకే."

"మంచి పని చేశావు. ఇవాళ శనివారం. సెలవు తీసుకో. టీ తాగు. మీ తమ్ముడితో మాత్రం మాట్లాడకు, సొంతవాళ్ళ సంగతి కదా, రేపు నీకే ఇబ్బంది. నేను చూసుకుంటాను."

ఫోన్ పెట్టేసింది.

"చూసుకుంటుందట," అన్నాడు క్లైవ్. "ఏం చూసుకుంటుంది? ఆవిడ ఆశ్చర్యపోలేదక్కా. గమనించావా? నా కుక్క తప్పిపోయిందని చెప్పినా అంతకన్నా ఎక్కువ ఉలిక్కిపడేది."

"పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు అంతే. తొణకరు."

అన్నానే గానీ నాకూ నచ్చలేదు. ముందే తెలిసినవాళ్ళు మాట్లాడినట్టు మాట్లాడింది. క్లైవ్ ఫ్లాస్కులోంచి టీ పోసి, కాగితంలో చుట్టిన, లోపల కూర పెట్టి కాల్చిన స్కాలప్ పై రొట్టెను సగం విరిచి నా ముందు పెట్టాడు. తిట్టుకున్నాక తిండి పెట్టడం మా ఇంటి ఆచారం. కూర కారంగా ఉంది. ఇద్దరం తిన్నాం. నేను పొట్లం కాగితం నలిపి పారేస్తుంటే, వాడు ఒక్కసారిగా లేచాడు.

"ఆ తెర ఫొటో తీసుకుంటా. పక్కన విడి అంకెలు, కింద 0.6. సోమవారం వాళ్ళ మొహాన కొడతా. నా దగ్గర ఏ కాగితమూ లేదు. ఆ పొద్దున పడవ మీద నుంచి ఫోన్‌లో బోర్డు చూశాను, పచ్చగా ఉంది, కోశాను. ఇంతే నా సాక్ష్యం."

మా ల్యాబ్ పెంపకందారులకు ఉత్తరాలు పంపదు. ఇంటర్నెట్‌లో బోర్డు ఉంటుంది. బే పేరు, తేదీ, అంకె, పక్కన పచ్చ రంగో ఎరుపో. ఆ అంకెను ఎక్కడా రాసి దాచరు. ఎవరు ఎప్పుడు చూసినా, ఏ పాత తేదీ అడిగినా, డేటాబేస్ అప్పటికప్పుడు కొలతల్ని కూడి చూపిస్తుంది. అలా చేస్తే పాత అంకెలకూ కొత్త అంకెలకూ పొరపాటున కూడా తేడా రాదని మా నమ్మకం. నిజానికి అది చాలా తెలివైన ఏర్పాటు.

"తీసుకో," అని తెర వాడి వైపు తిప్పి, బోర్డు తెరిచి, కోత రోజు తేదీ కొట్టాను.

ట్రెవాన్ బే. 1.04. ఎరుపు. కోత నిషేధం.

టీ కప్పు పక్కన పెట్టి ఇంకోసారి తెరిచాను. అదే ఎరుపు. సూత్రం దగ్గరికి వెళ్ళాను. ఒక్క అంకెకు సవరించమన్న మాట అందులో లేదు. ముందు కూడి, ఆఖర్న సవరిస్తోంది. ఎలా ఉండాలని నేను క్లైవ్‌కి త్రాసు చూపించి చెప్పానో అచ్చం అలాగే ఉంది. ఎవరో తప్పు దిద్దారు. ఎంత చక్కగా దిద్దారంటే, తప్పు ఎన్నడూ లేనట్టే అయిపోయింది. ఇప్పుడు లోకంలో ఎవరు చూసినా ఆ రోజు బోర్డు ఎర్రగానే ఉంది. ల్యాబ్ వద్దని చెప్పింది. క్లైవ్ టాట్నెల్ వినకుండా కోశాడు.

"ఇదేంటక్కా?" అన్నాడు. గొంతు చాలా మెల్లగా ఉంది. "నేను పచ్చ చూశాను. నా కళ్ళతో పచ్చ చూశాను."

"నాకు తెలుసురా. ఐలీన్ మార్చేసింది. ఆగు, మార్చినవాళ్ళ పేరు ఉంటుంది. దాన్ని ఎవరూ చెరపలేరు. ఫొటో దానికి తియ్యి, చాలు."

గబగబా కొట్టి ఆ జాబితా తెరిచాను. వాడు ఫోన్ ఎత్తి పట్టుకుని నా భుజం మీదుగా వంగాడు. చివరి మార్పు, మేము ఆ పై రొట్టె తింటున్న వేళకు. దాని పక్కన ఐలీన్ ప్రొక్టర్ పేరు లేదు.

మెరిన్ టాట్నెల్ అని ఉంది.

"నేను కాదు," అన్నాను. పిచ్చిదాన్ని, ముందు ఆ మాటే నోట్లోంచి వచ్చింది. దొంగలు అనే మొదటి మాట కూడా అదే.

క్లైవ్ ఫొటో తీయలేదు. ఫోన్ నెమ్మదిగా జేబులో పెట్టుకున్నాడు. ఇందాక నేను వాణ్ణి చూసిన చూపు నాకు తెలుసు కాబట్టి, ఇప్పుడు వాడు నన్ను చూసే చూపు గుర్తుపట్టడానికి ఎంతోసేపు పట్టలేదు.

"మార్చగలిగేది ఇద్దరే అన్నావు," అన్నాడు. "ఒకరు హోబర్ట్‌లో కూర్చుని మ్యాచ్ వింటున్నారు. ఇంకొకరు పొద్దుణ్ణుంచి నా షెడ్డులో, నా బల్ల మీద, నా కళ్ళెదుటే టకటకా కొడుతున్నారు. నా లెక్క కూడా తప్పేనా అక్కా?"

వాడు ల్యాప్‌టాప్ మూసి చంకలో పెట్టుకున్నాడు. వెళ్ళి షెడ్డు తలుపు వేసి, గడియ పెట్టాడు.